మెట్ట దారుల్లో రెండు చక్రాలు

చింతలపూడిలో సైకిలెక్కి సత్తుపల్లి వైపు తొక్కితే, ఒళ్ళు కాస్త వెచ్చబడేసరికి రాష్ట్రం మారిపోతుంది. బస్సుల మీద రాత మారుతుంది, పెట్రోలు రేటు మారుతుంది. మాట మారదు, మన్ను మారదు, గట్టు మీద తాడిచెట్టు మారదు. 1956కు ముందు ఆ గీతకు అవతల నైజాం ఏలిన హైదరాబాదు రాష్ట్రం, ఇవతల మద్రాసు నుంచి విడివడిన ఆంధ్ర. ఆ ఏడాది నవంబరు 1న గీత చెరిగింది. 2014 జూన్ 2న మళ్ళీ పడింది. అది చాలదన్నట్టు 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా మారింది. 1925లో పుట్టిన పశ్చిమ గోదావరిలోంచి చింతలపూడి ఏలూరు జిల్లాకొచ్చింది. అంతవరకూ కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు కూడా అదే జిల్లాలో చేరింది. పటాల మీద గీతలు ఎవరికి లాభించాయో గానీ, సైకిలు తొక్కేవాడికి మాత్రం పామాయిల్ సీమా మామిడి సీమా ఒకే జిల్లాలో దొరికాయి. రెంటికీ మధ్యలో చింతలపూడి.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు కట్టారు. 2023లో ప్రారంభించారు. అక్కడి ట్రాఫిక్కుకి అది కావలసిందే. చింతలపూడికి అలాంటిది కట్టాలని ఎవరైనా అంటే మాత్రం వద్దనే చెబుతాను. ఇక్కడున్న రోడ్లే చాలు. ఏ రోడ్డు ఏ నెలలో ఎవరిదో తెలుసుకుని వెళ్తే సరిపోతుంది. మే నెలలో ఒక రోడ్డు మామిడి లారీది, మార్చిలో ఇంకొకటి మొక్కజొన్న రైతుది. మనది కాని రోజున వెళ్ళి రోడ్డు బాగోలేదనడం న్యాయం కాదు.

ఏరు చెప్పే వాలు

ఈ నేల ఎటు వాలిందో తెలియాలంటే తమ్మిలేరుని చూడాలి. ఖమ్మం వైపు గుట్టల్లో పుట్టి, చింతలపూడి మండలాన్ని ఒరుసుకుంటూ దక్షిణానికి దిగి, ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేట్లో కలుస్తుంది. అంటే ఏలూరు నుంచి విజయరాయి, ధర్మాజీగూడెం మీదుగా చింతలపూడి వచ్చే యాభై కిలోమీటర్లూ ఎత్తే. అయితే ఎక్కడా ఎత్తులా కనపడదు. కారులో వచ్చేవాళ్ళకి ఈ సంగతి జన్మలో తెలియదు. సైకిలు మీద వచ్చేవాడికి ధర్మాజీగూడెం దాటేసరికి, గాలేమీ లేకపోయినా ఎవరో వెనక క్యారేజీ పట్టుకుని లాగుతున్నట్టుంటుంది. డెల్టాలో తొక్కేవాళ్ళకి ఇది కొత్త. భీమవరం, ఆకివీడు వైపు రోడ్డు బల్లపరుపు, ఎదురుగాలి ఒక్కటే శత్రువు. మెట్టలో నేల అలలుగా ఉంటుంది. చిన్న ఎత్తు, వెంటనే దిగుడు, దిగుడు చివర ఒక చప్టా, మళ్ళీ ఎత్తు. కాళ్ళకి పని ఉంటుంది, విసుగుండదు.

ఈ వాలుని బట్టే రూటు వేసుకోవాలి. ఏలూరు వాళ్ళకి కలిసొస్తుంది. చీకటితో బయల్దేరి చల్లటి వేళ ఎత్తు ఎక్కేసి, ఎండ ముదిరాక దిగుడులో ఇంటికి చేరతారు. చింతలపూడి వాళ్ళు దక్షిణానికి వెళ్తే అంతా తలకిందులు. పొద్దున్నే జాలీగా దిగిపోయి, పదింటికి మాడు మండుతుంటే ఎక్కుకుంటూ రావాలి. అందుకే ఊళ్ళో తొక్కేవాళ్ళకి నా సలహా, వేసవిలో పడమరకో తూర్పుకో వెళ్ళండి, దక్షిణం దారి చలికాలానికి ఉంచుకోండి. వేసవిలో ఎటు వెళ్ళినా తొమ్మిదికల్లా సైకిలు గోడకి ఆనించాల్సిందే. ఆ తర్వాత వీచే వడగాలికి నీళ్ళ సీసాలో నీళ్ళు కూడా టీ వేడికొస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరు జలాశయం మంచి గమ్యం. ఒక పూటలో నింపాదిగా వెళ్ళి రావచ్చు. మూడు టీఎంసీల చిన్న ప్రాజెక్టు. ఏడాదిలో ఎక్కువ కాలం ఏరు ఇసుకతో ఉంటుంది గనక జలాశయం పెద్దగా కనిపిస్తుంది. వానాకాలంలో పైన ఖమ్మం జిల్లాలో గట్టిగా కురిస్తే గేట్లెత్తుతారు. అప్పుడు కింద ఏలూరు లోతట్టు కాలనీలు ఉలిక్కిపడతాయి. ఆ రోజుల్లో చప్టాల మీద నీళ్ళు మోకాలి లోతే కదా అని సైకిలు దించకండి. కింద సిమెంటు పలక ఉందో, వరద కోసేసి గొయ్యి పడిందో పైనుంచి తెలియదు.

పెద్ద రోడ్డు వదిలెయ్యండి

పెద్ద రోడ్ల సంగతి ముందే తేల్చేద్దాం. సత్తుపల్లిలో సింగరేణి వాళ్ళ జలగం వెంగళరావు ఓపెన్‌కాస్టు గని ఉంది. ఆ చుట్టుపక్కల రోడ్ల మీద టిప్పరు వెనక పడితే బొగ్గు దుమ్ము మొహం మీద పౌడరవుతుంది. ఏలూరు మెయిన్ రోడ్డు మీద బస్సులు తొందరలో ఉంటాయి. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ హైవే చింతలపూడి మండలం మీదుగానే వెళ్తుంది. అది నిర్ణీత చోట్ల తప్ప ఎక్కడా ఎక్కనివ్వని, దిగనివ్వని రోడ్డు. మనం దాని మీద తొక్కే పని లేదు, కింద అండర్‌పాసుల్లోంచి దూరి అవతల పడటమే. ఎండాకాలం ఆ అండర్‌పాసు నీడలో ఆగి నీళ్ళు తాగడం మాత్రం బాగుంటుంది.

మనకు కావలసినవి లింకు రోడ్లు. 2000 డిసెంబరు 25న కేంద్రం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలుపెట్టాక దేశమంతటా పల్లెకీ పల్లెకీ మధ్య ఉన్న డొంకలు, పుంతలు తారు మొహం చూశాయి. ఆ పథకం కింద వేసే రోడ్డు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, రద్దీ తక్కువైన చోట మూడు మీటర్లే. ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకటి మార్జిన్‌లోకి దిగాలి. ఆ ఇరుకే సైకిలుకి రక్ష. ఎవరూ వేగంగా పోలేరు. ఈ రోడ్లని రెండింతలు వెడల్పు చేయమని పంచాయతీకో అర్జీ పెడతారు కదా, సైకిలు తొక్కేవాడిగా నేను ఆ కాగితం మీద సంతకం పెట్టను. గుంతలు పూడ్చమనే అర్జీ అయితే మొదటి సంతకం నాదే.

ఒక చిక్కుంది. లింకు రోడ్ల మీద దారి తప్పడం ఖాయం. పామాయిల్ తోటల మధ్య అన్ని మలుపులూ ఒకేలా ఉంటాయి, ఫోనులో సిగ్నలు పోతుంది. దీనికో ఉపాయం ఉంది. బెల్జియంలో లింబర్గ్ అనే బొగ్గు గనుల ప్రాంతం ఉంది. 1992లో అక్కడ ఆఖరి గని మూసేశారు. ఆ ప్రాంతపు గనుల ఇంజినీరు హ్యూగో బోలెన్‌కి ఒక ఆలోచన వచ్చింది. భూగర్భంలో సొరంగాల కూడళ్ళకి నంబర్లిచ్చినట్టు పైన సైకిలు దారుల కూడళ్ళకీ ఇస్తే? 1995లో లింబర్గ్‌లో అమలు చేశారు. మీరు నాలుగైదు నంబర్లు కాగితం మీద రాసుకుని బయల్దేరితే చాలు, ప్రతి కూడలిలో తర్వాతి నంబరుకి బాణం గుర్తుంటుంది. తర్వాత నెదర్లాండ్స్ అంతా అదే పద్ధతి పాకింది. చింతలపూడి నేల కింద కూడా బొగ్గుంది. గోదావరి లోయ బొగ్గు పొరలు ఇటు వ్యాపించాయని జియలాజికల్ సర్వే డ్రిల్లింగుల్లో ఎప్పుడో తేలింది. ఆ బొగ్గు తవ్వుతారో లేదో నాకు తెలియదు గానీ, లింబర్గ్ గనుల నుంచి అరువు తెచ్చుకోవలసింది ఆ నంబరు బోర్డు ఒక్కటే. లింగపాలెం, టి.నరసాపురం, కామవరపుకోట, చాట్రాయి మండలాల్లో కూడలికో బోర్డు పెట్టడానికి పెద్ద బడ్జెట్టేం అక్కర్లేదు. అంతవరకూ గేదెలు తోలుకెళ్ళేవాళ్ళని అడగడమే. వాళ్ళు చెప్పే ‘ఇక్కడే అండి, దగ్గరే’ అన్న మాటని రెండు కిలోమీటర్లకి తక్కువ కాకుండా లెక్కేసుకోండి.

సన్న మూతి ట్యూబు

ఈ దారులు సైకిలుకి కొత్తేమీ కాదు. ఒక తరం క్రితం మెట్టలో సైకిలంటే బతుకు. పాలక్యానులు, అరటిగెలలు, పెళ్ళిచూపులకి వెళ్ళే పెద్దమనిషి, అందరూ హెర్క్యులెస్ మీదో అట్లాస్ మీదో తిరిగారు. హెర్క్యులెస్ తయారుచేసే టీఐ సైకిల్స్ 1949లో మద్రాసు దగ్గర పుట్టింది. అట్లాస్ వాళ్ళు 2020 జూన్‌లో సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేశారు, అదీ సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం రోజున. పాలక్యాన్లు ఎప్పుడో టీవీఎస్ ఎక్సెల్ బండ్ల మీదకి మారాయి. ఇప్పుడు పల్లెలో సైకిలు మీద రోజూ కనపడేది బడిపిల్లలే. ఆడపిల్లలు హైస్కూలు మానకుండా ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వం సైకిళ్ళిచ్చింది. పొద్దున ఎనిమిదిన్నరకి ఈ రోడ్ల మీద ముగ్గురేసి వరసగా, కబుర్లాడుకుంటూ వెళ్ళే పిల్లల్ని దాటాలంటే గంట కొట్టి నిదానించాలి. రోడ్డు వాళ్ళది, మనం చుట్టాలం.

మనిషి దగ్గర మూడు వేల సైకిలున్నా మూడు లక్షల సైకిలున్నా ముల్లు ఒకేలా గుచ్చుతుంది. లింగపాలెం వైపు ఒక కూడలిలో పంక్చర్ల కొట్టు. వేపచెట్టు కింద టైర్ల కుప్ప, నల్లబడ్డ ఇనప బేసినులో నీళ్ళు. కొట్టాయన మోకాళ్ళ మీద కూర్చుని ట్యూబు ఊడదీసి, మూతి చూసి ఆగిపోయారు. “ఈ నోరేంటండీ ఇంత సన్నంగా ఉంది? మా పంపు దీనికి పట్టదండి.” రేసు సైకిళ్ళకి వచ్చే ప్రెస్టా వాల్వు అది. చిన్న ఇత్తడి అడాప్టరు బిగిస్తే మామూలు పంపు పడుతుంది. అది నా సంచిలో ఉండబట్టి సరిపోయింది. గాలి కొట్టి, ట్యూబుని బేసినులో ముంచి చుట్టూ తిప్పారు. ఒకచోట సన్నగా బుడగల వరస లేచింది. గుడ్డతో తుడిచి, అక్కడ బాల్‌పెన్నుతో సున్నా చుట్టారు. ఆకురాయితో గరుగ్గా రుద్ది, సొల్యూషన్ రాసి, నోటితో ఊదుతూ ఆరబెట్టి, ప్యాచీ అంటించి సుత్తి పిడితో నాలుగు దెబ్బలు వేశారు. తర్వాత అసలు పని. టైరు లోపల వేళ్ళతో మెల్లగా తడుముతూ వెళ్ళి, అరంగుళం ముల్లు బయటికి లాగి నా అరచేతిలో పెట్టారు. “తుమ్మ కాదండి. పామాయిల్ మట్ట ముల్లు.”

ఆ ముల్లు గురించి మెట్టలో తొక్కేవాళ్ళంతా తెలుసుకోవాలి. పామాయిల్ మట్ట మొదట్లో రెండు పక్కలా రంపంలా ముళ్ళుంటాయి. గెల కోసేటప్పుడు దాని కింది మట్టనీ కోసేస్తారు. ఆ మట్టలు తోటలో వరసల మధ్య పడి ఉంటాయి, ట్రాక్టరు చక్రాలకి తగిలి కొన్ని రోడ్డెక్కుతాయి. సన్నటి రేసు టైర్లు ఇక్కడికి పనికిరావు. ముప్పై రెండు మిల్లీమీటర్లకి తగ్గకుండా, వీలైతే నలభై ఉన్న టైరు వేసుకుని, గాలి కొంచెం తక్కువ పెట్టుకుంటే గతుకులకీ మేలు.

పంటల క్యాలెండరు

పామాయిల్ తోటల మధ్య తొక్కడం మాత్రం మే నెలలోనూ హాయిగా ఉంటుంది. తొమ్మిది మీటర్ల దూరంలో త్రికోణంగా నాటే ఈ చెట్లు ఎకరానికి 57 దాకా పడతాయి. ముదిరిన తోటలో మట్టలు రోడ్డు మీదికి వంగి పైన కలుసుకుంటాయి. తోటకి పెట్టే నీటి తేమ కూడా తోడవుతుంది. అయితే ఈ నీడలో ట్రాక్టర్లు ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. గెల కోసిన ఇరవై నాలుగు గంటల్లో మిల్లుకి చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. అందుకే ఆదివారమైనా ఆగరు. వానాకాలంలో దిగుబడి ఎక్కువ, ట్రాక్టర్లూ ఎక్కువే. ఈ పంట పరిశోధనకి దేశంలో ఉన్న జాతీయ సంస్థ ఇక్కడికి దగ్గర్లోనే, పెదవేగిలో ఉంది. 1995లో పెట్టారు. పెదవేగి అంటే శాలంకాయనులూ తూర్పు చాళుక్యులూ ఏలిన వేంగి. ఇవాళ ఆ రాజధాని చుట్టూ ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టు రాజ్యమేలుతోంది.

రబీ మొక్కజొన్న కోతలప్పుడు లింకు రోడ్డు సగం కల్లమే. గింజల్ని తారు మీద ఎండబోసి, బళ్ళు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. తెల్లవారుజామున ఆ రాళ్ళు కనపడవు. లైటు లేకుండా వెళ్తే పళ్ళు రాలతాయి. రైతుని తిట్టి లాభం లేదు. ఆరబోసుకోవడానికి ఊళ్ళో సిమెంటు కల్లం ఉంటే ఆయన మాత్రం రోడ్డు మీద కాపలా పడుకుంటాడా?

జంగారెడ్డిగూడెం వైపు వెళ్తే పొగాకు నేల. వర్జీనియా పొగాకు క్యూరింగు సంక్రాంతి తర్వాత జోరందుకుంటుంది. బ్యారన్లకి కట్టెలు మోసే ట్రాక్టర్లు రోడ్డు వెడల్పుని మించి లోడెత్తుతాయి. అవి ఎదురైతే మార్జిన్‌లోకి దిగిపోవడమే తెలివి. పొగాకు ఎంత చెడ్డదైనా, చలి పొద్దుల్లో బ్యారన్ పక్కనుంచి వెళ్తుంటే వచ్చే ఆ తియ్యటి వెచ్చటి వాసన మాత్రం బాగుంటుందని ఒప్పుకోవాలి.

రెండు వేల ఏళ్ళ మజిలీ

ఈ చుట్టుపక్కల ఒక్క దారే తొక్కాలంటే తూర్పున గుంటుపల్లికి వెళ్తాను. కామవరపుకోట మండలం జీలకర్రగూడెం పక్కన కొండ మీద బౌద్ధ గుహలు. క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివి. చింతలపూడి నుంచి లింకు రోడ్ల మీద పొద్దున వెళ్ళి ఎండ ముదిరేలోపు రావచ్చు. కొండ దగ్గరకొచ్చేసరికి రోడ్డు జీడితోపుల మధ్య మెలికలు తిరుగుతుంది. సైకిలు కింద తాళం వేసి మెట్లెక్కాలి. క్లీట్ల బూట్లు కిందే వదిలేయండి, ఆ రాతిమెట్ల మీద అవి జారతాయి.

పైన గుండ్రటి చైత్యగృహం చూడటానికి తల వంచి లోపలికి వెళ్ళాలి. మధ్యలో రాతిలోనే తొలిచిన స్తూపం, చుట్టూ ఒక మనిషి తిరిగేంత దారి. చీకటి కళ్ళకి అలవాటయ్యాక తలెత్తి చూడండి. గొడుగు ఊచల్లా పైకప్పు మీద వాసాలు కనపడతాయి. అవి కర్రవి కావు. కర్రతో గుడిసె కట్టడం అలవాటైన చేతులు రాతిలోనూ వాసాలు చెక్కాయి. ఆ వాసాలకి మోసే బరువేమీ లేదు. బీహారులో బరాబర్ కొండల గుహల్లోనూ ఇదే అలవాటు. ఇక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనంలో మహామేఘవాహన వంశపు సిరిసద అనే రాజు పేరుంది. కళింగ, మహిషక దేశాల అధిపతినని చెప్పుకున్నాడు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం ఆ స్తూపం ధర్మలింగేశ్వరుడు. బయట ఇటుకల మహాచైత్యం, కొండ వాలున వరసలు తీరిన చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు. వర్తకులూ భిక్షువులూ కాలినడకన వచ్చిన చోటు ఇది. కారులో వచ్చి, ఫొటో తీసుకుని వెళ్ళేవాళ్ళకంటే చెమటతో వచ్చేవాళ్ళకి ఆ గుహ చల్లదనం విలువ బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

ఓపికుంటే తడికలపూడి దాకా సాగొచ్చు. కొబ్బరి, పామాయిల్ నీడన వేసే కోకోకి ఈ మెట్ట పెట్టింది పేరు. కాయ పగలగొడితే తెల్లటి తీపి గుజ్జులో గింజలుంటాయి. వాటిని చెక్కపెట్టెల్లో రోజుల తరబడి పులియబెట్టి ఎండబెడితేనే చాక్లెట్ రుచి పుడుతుంది. హైదరాబాదు ‘మనం చాక్లెట్’ వాళ్ళ కోకో గింజలు పులిసేది తడికలపూడిలోనే. ఇంకా ముందుకెళ్తే ద్వారకా తిరుమల. అక్కడికి చేరాక ఇక మొక్కు, దర్శనం మీ ఇష్టం.

నూజివీడు దాకా

దూరాల మోజున్నవాళ్ళకి ఒక మాట. ఫ్రాన్సులో 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ పరుగు ఇప్పుడు నాలుగేళ్ళకోసారి 1200 కిలోమీటర్ల సైకిలు యాత్రగా జరుగుతుంది. దానికి అర్హత 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సవారీలు. రెండు వందలకి పదమూడున్నర గంటల గడువు. చింతలపూడి నుంచి జంగారెడ్డిగూడెం, ద్వారకా తిరుమల, ఏలూరు, నూజివీడు, చాట్రాయి చుట్టి తిరిగొస్తే ఇంచుమించు అంత దూరం పడుతుంది. మొదట పొగాకు, తర్వాత కోకో, మధ్యలో కొల్లేటి అంచు గాలి, ఆఖరికి మామిడి. ఈ వలయంలో కష్టమైనది చివరి భాగమే. నూజివీడు నుంచి ఇంటికి మళ్ళీ ఎత్తు.

రైల్లో సైకిలు తెచ్చుకునేవాళ్ళు ఏలూరులో దిగాలి. రైల్వే వాళ్ళ ‘నూజివీడు’ స్టేషను ఆ ఊళ్ళో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గరుంది. చింతలపూడికైతే రైలే లేదు.

మామిడి కోసం వచ్చేవాళ్ళు ఏ నెలలో రావాలని అడుగుతారు. రెండు సమాధానాలు. తొక్కడానికైతే జనవరి చివర, చెట్లు పూతతో ఎర్రగా, పసుపుగా తిరిగి, రోడ్డంతా తేనె వాసనేసే రోజులు. తినడానికైతే మే. అప్పుడు నూజివీడు, విస్సన్నపేట రోడ్ల మీద రాత్రీ పగలూ లారీలు నున్న మార్కెట్టు వైపు పరిగెడుతుంటాయి కాబట్టి తోటల లోపలి దారులు పట్టుకోవాలి. తోటలో గడకి కట్టిన చిక్కంతో కాయ దించడం చూడండి. తొడిమ విరిగితే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది, రేటు పోతుంది. అందుకని దించేవాడి మణికట్టు ఒక చిన్న మెలిక తిప్పి ఆగుతుంది. ఆ నేర్పుకి ఇచ్చే కూలి సరిపోతుందా అంటే సరిపోదు. పురుగుల బెడదకీ రేట్లకీ విసిగి, మామిడి కొట్టేసి పామాయిల్ వేసుకున్న రైతులు దారిపొడుగునా కనిపిస్తారు. ముసలి మామిడి మొద్దులు గట్టున పేర్చిన తోటలు కనపడితే సంగతి అదే.

కొనేటప్పుడు కార్బైడు వేసిన పండు జోలికి పోకుండా, గట్టికాయ కొనుక్కుని ఇంట్లో గడ్డిలో మగ్గేసుకోండి. బంగినపల్లి, కలెక్టరు సంచిలో సర్ది సైకిలుకి కడితే చింతలపూడి దాకా క్షేమంగా వస్తాయి. పండిన చిన్నరసాలకి ఆ భాగ్యం లేదు. మొదటి గతుక్కే సంచి తడిసిపోతుంది. వాటిని తోట దగ్గరే చేత్తో పిసికి, తొడిమ కొరికి, చెట్టు నీడన జుర్రుకుని, బోరింగు దగ్గర మోచేతుల దాకా కడుక్కుని బయల్దేరాలి. టెంకలు మాత్రం తోటలోనే పారెయ్యండి. రోడ్డు మీద పడేస్తే వెనకొచ్చే సైకిలు జారుతుంది.